సంచికి కిలో తరుగు

ఏడేళ్ళుగా నేను మోస్తున్న బరువెంతో నాకు ఖచ్చితంగా తెలుసు. నాలుగు వందల ఎనభై ఆరు కిలోలు. మనసు మీద బరువుందని అందరూ అంటారు కానీ ఎవరూ కొలవరు. నేను కొలిచాను. కొలవడం, కూడడం తప్ప నాకు మరో విద్య రాదు.

మీరెవరో నాకు తెలియదు. అదే నాకు ధైర్యం. తెలిసినవాళ్ళకు చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాను. ఒకసారి అన్నం ముందు కూర్చుని నా భార్యకు చెప్పబోయి, కూరలో ఉప్పు తక్కువైందన్నాను. ఆమె ఉప్పు డబ్బా తెచ్చి ముందు పెట్టింది. అవసరం లేకపోయినా వేసుకుని, ఆ ఉప్పటి కూరే తిన్నాను.

ఇన్నేళ్ళు ఆగినవాణ్ణి ఈ వారమే ఎందుకు రాస్తున్నాను? ఎందుకంటే ఈ శనివారం మా సంఘం పాత రిజిస్టర్లు తుక్కు కాగితంలోకి పోతున్నాయి. అలా తీర్మానం చేశాం. దాని కింద సంతకం నాదే. మిల్లులో వాటిని నానబెట్టి గుజ్జు చేస్తారు. ఆ గుజ్జులో ఆ ఒక్క ఏడాది పేజీలు కూడా కలిసిపోతే, జరిగింది ఇదీ అని చూపించడానికి ఈ భూమ్మీద చిన్న ఆధారం కూడా ఉండదు. ఆ మాట తట్టగానే నాకు హాయిగా అనిపించింది. ఆ హాయిని చూసి భయపడ్డాను. అందుకే రాస్తున్నాను.

మా సంఘం సిద్దిపేటలో పొడి చెత్త పని చేస్తుంది. ఇంటింటికీ తిరిగి తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు పెట్టండని చెబుతాం. ప్లాస్టిక్, కాగితాలు, పాల కవర్లు సంచుల్లో నింపి ప్రతి శనివారం షెడ్డుకు తెస్తాం. అక్కడ కాంటా వేసి, మళ్ళీ కరిగించి వాడుకునే చోటికి పంపిస్తాం. అప్పట్లో నాలుగు జట్లుండేవి. ఒక్కో జట్టుకు వంద ఇళ్ళు. ఒక జట్టుకు నేను పెద్దను. షెడ్డు దగ్గర కాంటా ముందు కూర్చుని నాలుగు జట్ల బరువులూ రిజిస్టర్లో రాసేవాణ్ణి కూడా నేనే. నా జట్టు లెక్క నేనే రాసుకోవడం సరైనదేనా అని ఎవరూ అడగలేదు. నన్ను అందరూ ‘లెక్కలన్న’ అనేవాళ్ళు. ఆ పేరుకు మించిన హామీ ఎవరికీ అవసరమనిపించలేదు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. లెక్క నేర్చుకున్నది మా బాపు వల్ల. జగదేవ్‌పూర్ దగ్గర మాకు కొంచెం పొలముండేది. వడ్లు అమ్మడానికి పోతే, కొనేవాళ్ళు బస్తా కాంటా మీద పెట్టి, సంచి బరువనీ తేమ అనీ తరుగు తీసేవాళ్ళు. బస్తాకు ఇంత అని వాళ్ళు చెప్పిందే లెక్క. బాపు ఎదురు మాట్లాడేవాడు కాదు. వెనక నిలబడి వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్కపెట్టుకునేవాడు. సగంలో తప్పిపోయేవాడు. మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ వేళ్ళను చూసి నేను లెక్క నేర్చుకున్నాను. భివండిలో మగ్గాల దగ్గర పనిచేసినప్పుడు గోడ మీద సుద్దముక్కతో గుణించుకుని మరీ నేర్చుకున్నాను. తిరిగొచ్చాక ఒక వడ్ల వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరాను. అక్కడ పద్ధతి సంచికి కిలో తరుగు. గోనె సంచి బరువు దగ్గర దగ్గర కిలో ఉంటుంది కాబట్టి అందులో అన్యాయం లేదనుకునేవాణ్ణి. బస్తా కాంటా ఎక్కగానే నా చెయ్యి ఒక కిలో తీసేసి రాసేది. పదకొండేళ్ళు అలా రాసింది.

ఇక బాలమణి సంగతి. అది ఆమె అసలు పేరు కాదు. బీడీలు చేస్తుంది. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్న. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ణి. మూడో జట్టుకు పెద్ద. ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చేస్తూనే గల్లీలో వచ్చేపోయే ఆడవాళ్ళను కేకేసి, ఎవరింట్లో ఏ డబ్బాలో ఏం వేశారో చెప్పగలిగేది. తన వంద ఇళ్ళకూ కార్డులు పంచింది. చేతి కాంటాతో ప్రతి ఇంటి చెత్తా తూచి, ఆ ఇంటి కార్డు మీద రాయించేది. మిగతా మూడు జట్లలో ఆ పని ఎవరమూ చేయలేదు. నాకు తట్టనే లేదు. లెక్కలన్నకు తట్టనిది ఆమెకు తట్టింది.

ఆ ఏడాది వానలు మొదలైనప్పుడు మా గోనె సంచులు తడిసి కంపు కొట్టసాగాయి. బాలమణి మద్దూరులో ఉన్న వాళ్ళన్న దగ్గరికి పోయి, ఖాళీ యూరియా సంచులు తెచ్చింది. ఉతికి ఆరేసి, తన జట్టు చెత్తంతా వాటిలో తేవడం మొదలుపెట్టింది. ‘మంచి పని చేసినవ్ చెల్లె’ అని నేనే మెచ్చుకున్నాను. మెచ్చుకుని, కాంటా చూసి, సంచికి కిలో తీసేసి రాశాను.

యూరియా సంచి బరువు వంద గ్రాములు.

మీరు లెక్క వేయనవసరం లేదు, నేను చెబుతాను. సంచికి తొమ్మిది వందల గ్రాములు ఎక్కువ తీశాను. వారానికి పద్దెనిమిది సంచులు. ముప్పై వారాలు. నాలుగు వందల ఎనభై ఆరు కిలోలు.

ఆ చలికాలంలో పెద్దసారు ఇక తిరగలేనన్నారు. సంఘం పెట్టింది ఆయనే, అప్పటిదాకా అధ్యక్షుడూ ఆయనే. బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. మోకాళ్ళు అరిగిపోయాయి. అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి మాకు ఓట్లు లేవు, ఒక ఆనవాయితీ ఉంది. సభలో, వానలు మొదలైనప్పటి నుంచి నాలుగు జట్లు తెచ్చిన బరువులు చదువుతారు. ఎక్కువ తెచ్చిన జట్టు పెద్దను ముందు అడుగుతారు. మాటలు ఎవరైనా చెబుతారు, కాంటా మీద నిలబడ్డ మనిషి కావాలి అనేవారు పెద్దసారు. నా జట్టు బరువు మూడు వేల ఐదు వందలు. రిజిస్టర్లో బాలమణి జట్టుది మూడు వేల రెండు వందల నలభై. మిగతా రెండూ మూడు వేల లోపే.

ఆ కుర్చీ నాకు ఎంత కావాలో ఎలా చెప్పను? వేరే ఊళ్ళ నుంచి జనం మా షెడ్డు చూడటానికి వచ్చేవాళ్ళు. పెద్దసారు వివరించేవారు. నేను పక్కన రిజిస్టర్ పట్టుకుని నిలబడేవాణ్ణి. అప్పటి ఫోటోలు ఇప్పటికీ షెడ్డు గోడకు ఉన్నాయి. వాటిల్లో చాలావాటిలో నా మోచెయ్యి ఉంటుంది. నలభై ఐదేళ్ళు వచ్చినా నా పేరు ఒక్కసారి కూడా మైకులో వినలేదు. అధ్యక్షుణ్ణయితే ఏం మాట్లాడాలో స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు చాటున చెప్పుకునేవాణ్ణి. షెడ్డు మీద రేకులు అడగాలి. చెత్త వేరుచేసే ఆడవాళ్ళకు చేతి తొడుగులు అడగాలి. సీసాపెంకులు విడిగా కట్టి ఇవ్వమని ప్రతి బడిలో పిల్లలకు చెప్పాలి. అవన్నీ మనస్ఫూర్తిగా అనుకున్నవే. కానీ అవన్నీ ఆమె కూడా అడిగేది. నాకంటే గట్టిగా అడిగేది. అది నాకు తెలుసు. తెలిసే ఉక్కిరిబిక్కిరయ్యాను.

సభకు వారం ముందు పుకారు మొదలైంది. బాలమణి జట్టు ఇళ్ళ కార్డులు కూడితే ఒక లెక్క, షెడ్డు రిజిస్టర్లో మరో లెక్క. మధ్యలో తేడా ఎటు పోయింది? గల్లీ దానికి జవాబు తానే చెప్పుకుంది.

సభకు ముందురోజు పొద్దున షెడ్డులో ఎవరూ లేనప్పుడు ఒక ఖాళీ యూరియా సంచిని కాంటా మీద పెట్టాను. అంకె చూశాను. చూసి, సంచి మడిచి బల్ల కింద పెట్టాను.

మధ్యాహ్నం బాలమణి వచ్చింది. గుడ్డసంచి నిండా కార్డులు.

“తిన్నవా అన్నా?”

“తిన్న. చెప్పు చెల్లె.”

“నాకు లెక్క రాదు, నీకెరుకే. కూడుడు ఒక్కటే వస్తది. నేను కూడిన, మా బిడ్డతోని రెండుసార్లు కూడిపిచ్చిన. ఇండ్ల కార్డులన్ని కలిపితె మూడు వేల ఏడు వందల ముప్పై అయితుంది. నువ్వేమో మూడు వేల రెండు వందల నలభై అంటున్నవ్. నడిమిట్ల నాలుగు వందల తొంభై ఏడ పోయినయి?”

కార్డులు తిరగేసినట్టు చేశాను. “నన్నడిగితె ఎట్ల చెల్లె? కాంటా ఏం చెప్పిందో గదే రాసిన.”

“కాంటా అబద్ధమాడదన్నా. మరి మనిషే ఆడాలె గదా. గా మనిషిని నేనేనంట. సగం సంచులు పాత సామాన్ల దుకాణంల పడ్తున్నయంట. నిన్న బోరింగు కాడ నా ఎన్కనే నిలవడి అంటున్నరు. పదిహేనేండ్ల సంది బీడీలు చేస్తున్న. కట్టకు ఒక్క బీడీ తక్కువ పెట్టలే ఎన్నడు.”

“ఎవలో అంటె పట్టించుకుంటవా?”

“పట్టించుకోకుంట ఎట్లుంట? రేపు గందరు నా మొఖమే చూస్తరు. నువ్వు చూడన్నా. ఏడ తప్పిందో చెప్పు. తప్పు నాదైతె నాదే అంట. అందరి ముందట ఒప్పుకుంట. ఏందో తెల్వకుంటనే దొంగనయితె ఎట్ల?”

నా పాదానికి బల్ల కింద ఆ సంచి తగులుతూ ఉంది. ఒక్క మాట చాలు. సంచి తీసి కాంటా మీద పెడితే అసలు మాట కూడా అక్కరలేదు. నేను నోరు తెరిచాను. నోట్లో నుంచి వచ్చింది ఇది.

“చేతి కాంటాలున్నయి చూడు, వాటి స్ప్రింగులు సాగుతయి చెల్లె. ఇంటికి ఇంత ఎక్కువ చూపెట్టి ఉంటయి. వంద ఇండ్లు, ముప్పై వారాలు. గంతే.”

“గంతేనా?”

“గంతే.”

ఆమె ముఖం ఒక్కసారిగా తేలికపడింది. అది నేను మరచిపోలేనిది. ఆమె ఏడ్చి ఉంటే నేను ఎప్పుడో మరచిపోయేవాణ్ణేమో.

“పాడుగాను! గా స్ప్రింగు కోసమా నేను వారం సంది తిండి సరిగ్గ తింటలేను?” అని నవ్వింది. “నీ నోట్లెకెళ్ళి వచ్చింది గదా, ఇగ నాకు రంది లేదు. నీ లెక్క ఎన్నడు తప్పలే అన్నా.”

మర్నాడు సభలో నేను బరువులు చదవకముందే ఆమె లేచింది. మా కాంటాల స్ప్రింగులు సాగినయి, లెక్కలన్న చూసి చెప్పిండు, మా ఆడోళ్ళ మీద అనుమానం పెట్టుకోకున్రి, పెద్దరికం అన్నకే ఇయ్యిన్రి అంది. చేతులు జోడించి మరీ అంది. వెనక కుర్చీల్లోంచి ఎవరో, “స్ప్రింగు సాగిందో, చెయ్యి సాగిందో!” అన్నారు. నవ్వులు. పెద్దసారు కసిరారు కానీ నవ్వు ఆగాకే కసిరారు. బాలమణి నా వైపు చూసింది. నేను చెబుతానని. నేను లేచి, అది స్ప్రింగేనని గట్టిగా అంటానని.

నేను తల దించుకుని రిజిస్టర్ తెరిచాను. ఆ తల దించుకోవడమే జవాబని జనం అనుకున్నారు. ఆమె కూడా.

మైకులో నా పేరు పిలిచారు. చప్పట్లు కొట్టారు. స్నానాల గదిలో తయారుచేసుకున్న మాటలన్నీ చెప్పాను. ఒక్కటీ తడబడలేదు.

రెండు వారాల్లో ఆమె చేతి కాంటాలు, కార్డులు తెచ్చి బల్ల మీద పెట్టి పోయింది. ఆ జట్టు వేరేవాళ్ళ చేతికి పోయి ఏడాదిలో చెదిరిపోయింది. సభ అయిన కొన్నాళ్ళకు వాళ్ళ గల్లీలో ఒక పెళ్ళిలో బాలమణి గిన్నెలు సర్దడానికి లేస్తే, నువ్వు కూసో, సామాను మేం చూసుకుంటం అన్నారట. మామూలు మాటే. పక్కనున్న ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నారట. నా భార్య అక్కడే ఉంది. ఇంటికొచ్చి నాకు చెప్పింది. ‘పాపం’ అంది. నేనూ ‘పాపం’ అన్నాను. ఆ తర్వాత బాలమణి ఎవరి పెళ్ళికీ పోయినట్టు నేను వినలేదు.

అధ్యక్షుణ్ణయిన రెండో ఏడాది ఒక నియమం పెట్టాను. ఖాళీ సంచి ముందు తూచాలి, నిండిన సంచి తర్వాత. ఇప్పుడు వేరే ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఆ నియమాన్ని రాసుకుని పోతారు. ఇంత చిన్న విషయం మీకెట్ల తట్టింది సార్ అని అడుగుతారు. అనుభవం అంటాను. గోడ మీది ఫోటోల్లో ఇప్పుడు నా ముఖం పూర్తిగా పడుతుంది. రేకులు వచ్చాయి. తొడుగులు వచ్చాయి. ఇంత మేలు జరిగింది కదా, దాని పక్కన ఆ ఒక్క తప్పు ఎంత అని ఎన్నిసార్లు తీసివేత చేశానో. అది తీసివేత కాదు. కిలోలలోంచి రేకుల్ని ఎలా తీసేస్తారు?

ఇక్కడిదాకా రాసి మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాను. ఒకచోట తరుగు తీశాను. మీ దగ్గర కూడా.

అలవాటులో పొరపాటు చేశాను, సభ ముందురోజు పొద్దున తెలిసింది అన్నట్టు రాశాను. అలా నేరుగా అనలేదు కానీ మీకు అలా అనిపించేలా రాశాను. నిజం వేరు. బతుకమ్మ పండుగకు ముందు శనివారం షెడ్డులోకి పెద్ద గాలి వచ్చింది. ఖాళీ సంచులన్నీ ఒకచోట ఉన్నాయి. మా గోనె సంచులు కదల్లేదు. యూరియా సంచులు లేచి షెడ్డంతా తిరిగాయి. బాలమణి వాటి వెనక పరుగెత్తుతూ, “చూస్తున్నవా అన్నా, మావి పతంగులు, మీవి బండలు!” అని నవ్వింది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వుతుండగానే నాకు తెలిసిపోయింది. కాంటా అక్కరలేకుండానే. పదకొండేళ్ళు సంచులు చూసిన కన్ను నాది.

ఆ రోజు పద్దెనిమిది సంచులకు పద్దెనిమిది కిలోలు తీసేసి రాశాను.

అప్పటికి పదహారు వారాలు అయ్యాయి. ఇంకా పద్నాలుగు మిగిలాయి. ప్రతి శనివారం, వచ్చే వారం సరిచేద్దాం అనుకున్నాను. అనుకున్నానా, అనుకున్నట్టు నాకు నేను చెప్పుకున్నానా? పద్నాలుగు వారాలు, వారానికి పద్దెనిమిది, సంచికి తొమ్మిది వందల గ్రాములు. రెండు వందల ఇరవై ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములు. మిగతాది పొరపాటని మీరు నమ్మితే నమ్మండి. ఇది మాత్రం పొరపాటు కాదు. సభ ముందురోజు నేను ఆ సంచిని కాంటా మీద పెట్టింది తెలుసుకోవడానికి కాదు. తెలిసిన తప్పు ఎంత ఉందో చూసుకోవడానికి.

బాపు బస్తాల్లో తీసిన తరుగును అసహ్యించుకుంటూ పెరిగినవాణ్ణి. బాపు వేళ్ళు చూసి లెక్క నేర్చుకున్నవాణ్ణి. ఆ మధ్యాహ్నం బాలమణి నా ముందు కార్డులు పరిచి, వేలు పెట్టి ఒక్కొక్కటీ చూపించింది. ఆ వేలు నేను ఎక్కడ చూశానో గుర్తుపట్టలేదని చెప్పను. గుర్తుపట్టాను.

ఆమె తేడా నాలుగు వందల తొంభై అంది. అందులో నేను తీసింది నాలుగు వందల ఎనభై ఆరు. మిగిలింది నాలుగు కిలోలు. చదువు రాని ఆడవాళ్ళు వంద ఇళ్ళలో, ముప్పై వారాలు, చేతి కాంటాలతో తూచిన దానిలో మొత్తం కలిపి తప్పు నాలుగు కిలోలు. నా జీవితంలో ఇంత శుభ్రమైన లెక్క నేనెప్పుడూ రాయలేదు.

ఆమె ఇంకా అదే గల్లీలో ఉంది. సంఘానికి రాదు. కానీ ఆమె ఇంటి పొడి చెత్త మాత్రం ప్రతి వారం షెడ్డుకు వస్తుంది. ఉతికిన యూరియా సంచి. బీడీలు కట్టే సన్న దారంతో మూతి కట్టి ఉంటుంది. ఆ ముడి నేను గుర్తుపడతాను. విప్పడానికి నా చేతులు రావు. వేరేవాళ్ళతో విప్పిస్తాను.

నిన్న ఆ ఏడాది రిజిస్టర్ తుక్కు కట్టలోంచి బయటికి తీశాను. మూడో జట్టు పేజీలో మూడు వేల రెండు వందల నలభైని కొట్టేసి, పక్కన మూడు వేల ఏడు వందల ఇరవై ఆరు అని రాశాను. కింద సంతకం పెట్టాను. రిజిస్టర్ ఇప్పుడు నా ముందు ఉంది. శనివారం ఇది మిల్లుకు పోదు. కానీ ఆ గల్లీకి పోతుందా? పెళ్ళిలో ఆ ఇద్దరు చూసుకున్న చూపును ఏ కాంటా మీద పెట్టి సరిచేయగలను? ఆమె తలుపు తీసి, తిన్నవా అన్నా అని అడిగితే? అది నేను తట్టుకోలేను. అడగకపోతే? అదీ తట్టుకోలేను. పోతానని మీకు మాట ఇవ్వను. నా మాట విలువెంతో మీకు ఇప్పుడు తెలుసు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఎవరికో ఒకరికి తరుగు లేకుండా చెప్పాలనుకున్నాను. చెప్పాను. కొంచెం ఊపిరి ఆడుతోంది. ఊపిరి ఆడటం కూడా నాకు న్యాయం కాదేమో.

నా పేరు రాయలేదు. ఆమె పేరు మార్చాను. లెక్క మాత్రం మార్చలేదు.